ఇంటిని ఆపారు, తోటను ఆపలేదు: కాక్ అబ్బే ఎస్టేట్ కేస్ స్టడీ

పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్న మాకు ప్రతి కొత్త సైటులోనూ మొదటి గొడవ ఒకటే. దీన్ని ఏ కాలానికి తీసుకెళ్ళాలి? కట్టిన రోజుకా, బాగా వెలిగిన రోజులకా, లేక మన చేతికి వచ్చిన రోజుకా? ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ దక్షిణ భాగాన, టిక్నల్ అనే ఊరి పక్కన కాక్ అబ్బే ఎస్టేట్ ఉంది. ఈ ప్రశ్నకు అక్కడ దొరికిన జవాబు ఆర్కిటెక్ట్‌గా నేను రిపోర్టులు రాసే పద్ధతినే మార్చింది. అక్కడ ఇంటిని 1985లో నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చేతికి ఎలా వచ్చిందో అలాగే ఆపేశారు. ఊడిపోతున్న వాల్‌పేపర్ ఊడిపోతున్నట్టే ఉంది, పెచ్చులు లేచిన రంగు అలాగే ఉంది.

ఈ ఇంటి గురించి చాలామంది రాశారు. కానీ అదే గేటు లోపల ఉన్న తోటకు ఆ నియమం పనిచేయలేదని, చుట్టూ ఉన్న పార్కుకు దాదాపు దానికి వ్యతిరేకమైన నియమం కావలసి వచ్చిందని తక్కువమంది గమనిస్తారు. ఒకే ఎస్టేట్‌లో మూడు నియమాలు ఎందుకు పెట్టుకోవాలో చెప్పడానికే ఈ కేసు ఎంచుకున్నాను.

ఇల్లు, మనుషులు

పేరులో అబ్బే ఉన్నా ఈ భవనంలో సన్యాసులు ఎన్నడూ లేరు. 12వ శతాబ్దంలో ఈ చోట అగస్టీనియన్ క్రైస్తవ సన్యాసుల మఠం ఒకటి ఉండేది. 1622లో హార్పర్ కుటుంబం ఈ ఎస్టేట్ కొన్నది. ఇప్పుడున్న భవనాన్ని సర్ జాన్ హార్పర్ 1701 నుంచి 1704 దాకా కట్టించాడు. కాక్ అబ్బే అనే పేరు వంద సంవత్సరాల తర్వాత, 1808లో పెట్టింది.

ఆ కుటుంబానికి బయటి ప్రపంచంతో పెద్దగా పొసగలేదు. 10వ బారొనెట్ (తండ్రి నుంచి కొడుక్కి వచ్చే బిరుదు) సర్ వాన్సీ హార్పర్ క్రూ 1924లో చనిపోయాడు. పనివాళ్ళకి ఏం చెప్పాలన్నా చీటీలు రాసి పంపేవాడు. ఎస్టేట్‌లోకి మోటారు కార్లు రానిచ్చేవాడు కాదు. చంపి, లోపల కూరి బొమ్మల్లా నిలబెట్టిన పక్షులు, సీతాకోకచిలుకలు, గుడ్లు, శిలాజాలు వేలకొద్దీ పోగేసి అద్దాల పెట్టెల్లో పెట్టించాడు. ఒక గది నిండితే తలుపు వేసి పక్క గదిలోకి జరిగేవాళ్ళు. 1928 తర్వాత పెద్ద వంటగదిని వాడలేదు, పొయ్యిలు అలాగే వదిలేశారు. ఆ ఇంటికి కరెంటు వచ్చింది 1962లో.

1981లో అప్పటి యజమాని చార్ల్స్ హార్పర్ క్రూ చనిపోయాడు. ఎస్టేట్ విలువ సుమారు 1.4 కోట్ల పౌండ్లు. వారసత్వ పన్ను సుమారు 80 లక్షల పౌండ్లు. తమ్ముడు హెన్రీ అది కట్టే స్థితిలో లేడు. భూములు ముక్కలుగా అమ్మేసి, సామాను వేలంలో పెట్టి, ఇంటిని హోటలుగా మార్చడమే అప్పట్లో ఇలాంటి ఎస్టేట్లకు మామూలుగా పట్టే గతి. ఇక్కడ అలా జరగనివ్వకుండా సేవ్ బ్రిటన్స్ హెరిటేజ్ అనే సంస్థ గట్టిగా పోరాడింది. 1984 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ దీనికోసమే 45 లక్షల పౌండ్లు కేటాయించాడు. 1985లో ఎస్టేట్ నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. 1895లో పుట్టిన ఈ స్వచ్ఛంద సంస్థ చారిత్రక ఇళ్ళను, తోటలను, తీరాలను ప్రజల పక్షాన కాపాడుతుంది.

నిర్ణయం

ట్రస్ట్ ముందు రెండు దారులున్నాయి. రంగులు వేసి, పరదాలు కొత్తగా నేయించి, బరోక్ (ఇల్లు కట్టిన నాటి ఆడంబరమైన శైలి) కాలపు దర్జాను తిరిగి తెప్పించవచ్చు. లేదా అప్పటికి మిగిలినదాన్ని మిగిలినట్టే నిలబెట్టవచ్చు. వాళ్ళు రెండోది ఎంచుకున్నారు. ఇంగ్లండ్‌లో ఆ ఆలోచనకు పాత వేర్లున్నాయి. 1877లో విలియం మోరిస్ తదితరులు పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టి, చర్చిలను కొత్తవాటిలా గీకి మెరుగుపెట్టే పద్ధతిని ఎదిరించారు. మరమ్మతు చేయండి, పునర్నిర్మాణం పేరుతో చరిత్రను చెరపకండి అన్నది వాళ్ళ మాట. కాక్‌లో ఆ మాటను పెద్ద ఇంటి గోడల నుంచి సొరుగులో పడున్న బొమ్మల దాకా వర్తింపజేశారు.

ఈ నిర్ణయం విన్నవాళ్ళు, మా వృత్తిలో ఉన్నవాళ్ళు కూడా, ఏమీ చేయకుండా వదిలేశారన్నమాట అనుకుంటారు. ఈ అపోహ ప్రమాదకరమైనది. 1985 నుంచి 1989లో సందర్శకులకు తలుపులు తీసేదాకా అక్కడ జరిగింది భారీ పని. అందులో ఎక్కువ భాగం సందర్శకుడి కంటికి కనపడదు, అంతే.

ఇలాంటి ఇంటికి అసలు శత్రువు ఎక్కడుంటుందో చెప్పాలి. బరోక్ ఇంట్లో పైకప్పు బయటికి కనపడకూడదని చుట్టూ పిట్టగోడ కడతారు. కప్పు మీది వాన ఆ పిట్టగోడ వెనక దాగిన సీసపు గట్టర్లలోకి చేరి తూముల గుండా దిగాలి. సీసం ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మరీ పొడవైన రేకులు పరిస్తే కొన్నేళ్ళకు చిట్లుతాయి. గట్టరులో ఆకులు అడ్డంపడితే నీళ్ళు వెనక్కి తన్ని గోడ లోపలికి పోతాయి. ఆ నీళ్ళు గోడలో దిగిన దూలాల కొనల దగ్గర చేరతాయి. కొయ్యలో తేమ 20 శాతం దాటి, గాలి ఆడకపోతే డ్రై రాట్ అనే శిలీంధ్రం అంటుకుంటుంది. అది ఇటుకల సందుల గుండా పాకి పక్కనున్న పొడి కొయ్యకు కూడా తేమ మోసుకెళుతుంది. గదిలో కూర్చున్నవాళ్ళకి ఇదేదీ తెలియదు. ఒకరోజు తలుపు చట్రం మీద వేలు నొక్కితే లోపలికి దిగిపోతుంది.

కాబట్టి కప్పు, గట్టర్లు, గోడలు, దూలాలు, ఇంటి ఈ పైగుల్లను మాత్రం పాడైన స్థితిలో ఆపడం కుదరదు. అక్కడ రాజీ లేకుండా బాగుచేయాలి. అలా బాగుచేశాకే లోపలి పెచ్చులను పెచ్చులుగా ఉంచే హక్కు మనకి వస్తుంది. కాక్ పద్ధతిని పొగుడుతూ పై కప్పుకు పైసా ఖర్చుపెట్టని యజమానులను నేను చూశాను. వాళ్ళది పరిరక్షణ కాదు, నిర్లక్ష్యం.

లోపలి పని

పనికోసం గదులు ఖాళీ చేస్తే ప్రతి వస్తువూ తిరిగి తన చోటికి రావాలి. అందుకే ముందు ఫొటోలు, జాబితాలు. కుర్చీ మీద కుర్చీ, దాని మీద లేడి తల, దాని కింద చిరిగిన పుస్తకం ఉంటే ఆ వరుసే ఒక దస్తావేజు. డ్రాయింగ్ రూమ్‌లో విక్టోరియా రాణి కాలంలో తీసిన ఫొటోకూ ఇప్పటి గదికీ పెద్ద తేడా లేదు. ఒక గది గోడల నిండా 18, 19వ శతాబ్దాల రాజకీయ కార్టూన్లు అతికించి ఉన్నాయి. జిల్‌రే, క్రూక్‌షాంక్ లాంటివాళ్ళు గీసినవి. వాటిని ఊడదీసి ఫ్రేములు కట్టిస్తే విడివిడిగా ధర పలుకుతాయేమో. గోడ మీద అవన్నీ కలిసి, ఆ ఇంట్లో ఎవరో నవ్వుకుంటూ అతికించిన గోడగా ఉంటాయి. అది పోతే తిరిగి రాదు.

ఊడిపోతున్న వాల్‌పేపర్‌ను ఊడిపోతున్నట్టే నిలపడానికి ఓపిక కావాలి. ఈ పనిలో సాధారణంగా గోధుమ గంజి జిగురు, పలుచని జపాన్ కాగితం వాడతారు. విడిపోయిన అంచు వెనక ఆ కాగితంతో ఆసరా ఇచ్చి, అది ఇంకా కిందికి జారకుండా, అలాగని కొత్తగా అతికినట్టు కనపడకుండా చూస్తారు. లేచిన రంగు పెచ్చు కిందికి సన్నని కుంచెతో జిగురు పంపుతారు. ఒక గోడకు కొత్త వాల్‌పేపర్ వేయడం కన్నా ఇది ఎక్కువ కాలం పడుతుంది, ఎక్కువ నైపుణ్యం అడుగుతుంది.

ఇక దుమ్ము. కాలాన్ని ఆపామంటే దుమ్మునూ ఆపినట్టే కదా అని అడుగుతుంటారు. కాదు. దుమ్ములో ఉన్న ఇసుక రేణువులు రుద్దుకుని గుడ్డను, వార్నిష్‌ను కోస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే దుమ్ము ఉపరితలానికి సిమెంటులా పట్టేస్తుంది. ఆ తర్వాత దాన్ని తీస్తే వస్తువు పొర కూడా వస్తుంది. అందుకే పాడుబడినట్టు కనిపించే గదిని కూడా క్రమం తప్పకుండా మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి. పాతదనం ఉండాలి, పాడు ఆగాలి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో ప్రతి వస్తువుకూ విడిగా తేల్చుకోవాలి.

తేమ విషయంలో నేషనల్ ట్రస్ట్ ఇళ్ళలో వాడే పద్ధతి మన ఇంజినీర్లకు మొదట వింతగా అనిపిస్తుంది. అక్కడ హీటరును నడిపేది మనుషుల చలి కాదు, గాలిలోని తేమ. సాపేక్ష తేమ 50 నుంచి 65 శాతం మధ్య ఉండాలని చూస్తారు. తేమ పెరిగితే హీటరు కొద్దిగా వెలుగుతుంది, గాలి వేడెక్కి సాపేక్ష తేమ తగ్గుతుంది. తగ్గగానే ఆరిపోతుంది. అందువల్ల శీతాకాలంలో గది మనిషికి చల్లగానే ఉంటుంది, కుర్చీకి మాత్రం హాయిగా ఉంటుంది. ఈ కిటుకు చల్లని దేశానిది. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో జూన్ నెలలో తేమ తగ్గించడానికి గదిని వేడిచేస్తామంటే కుదరదు. మనకి గాలి ఆడటం, నీడ, గోడకు సున్నపు పూత ఊపిరిపీల్చడం ఇవే దిక్కు. కాక్ నుంచి మనం తీసుకోవలసింది యంత్రం కాదు, తేమను రోజూ కొలిచి రాసిపెట్టే అలవాటు.

వెలుతురు గురించి ఈ ఇంట్లో ఒక గొప్ప సాక్ష్యం ఉంది. ఎస్టేట్ చేతులు మారే రోజుల్లో పెట్టెల్లో సర్ది ఉన్న ఒక రాజమంచం వెలుగులోకి వచ్చింది. చైనా పట్టు మీద ఎంబ్రాయిడరీతో చేసిన పరదాలున్న 18వ శతాబ్దపు మంచం. 5వ బారొనెట్ భార్య లేడీ కారొలైన్ మానర్స్ 1734లో రాకుమారి ఆన్ పెళ్ళిలో తోడిపెళ్ళికూతురు, ఆ సంబంధంతోనే ఈ మంచం ఇంటికి చేరిందని భావిస్తారు. దాదాపు ఎన్నడూ విప్పి బిగించకపోవడం వల్ల పట్టు రంగులు నిన్న అద్దినట్టున్నాయి. ఇంగ్లండ్‌లో మిగతా ఇళ్ళలోని ఆ కాలపు పట్టు పరదాలు వెలిసి గోధుమరంగుకు వచ్చాయంటే కారణం వాళ్ళు వాటిని వాడుకోవడమే. అందుకే ఇప్పుడు ఆ మంచాన్ని గాజు వెనక, తక్కువ వెలుతురులో ఉంచారు. వస్త్రాలకు మామూలుగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదంటారు. మన ఆఫీసు బల్ల మీద పడే వెలుతురులో ఇది ఎనిమిదో వంతో పదో వంతో ఉంటుంది. ఎప్పుడూ వాడని వస్తువును అలాగే చీకట్లో వదిలేయకుండా విప్పి జనానికి చూపడం సబబేనా అని వాదించేవాళ్ళున్నారు. నా మట్టుకు సబబే. చూడనిదాని మీద జనానికి మమకారం పుట్టదు, మమకారం లేనిదానికి డబ్బు రాదు.

తోట

తోటకు వచ్చేసరికి ఈ నియమం మొత్తం తలకిందులవుతుంది. గోడకున్న పెచ్చును ఆపవచ్చు. మొక్కను ఆపలేం. 1985 నాటి తోటను 1985లా ఉంచాలంటే కలుపును కూడా అదే ఎత్తులో కత్తిరిస్తూ ఉండాలి, అది అర్థంలేని పని.

కాక్‌లో ఇంటికి కొంచెం దూరంగా ఎత్తైన గోడల మధ్య పూలతోట, మందుమొక్కల తోట, కూరగాయల తోట ఉన్నాయి. 18వ శతాబ్దంలోనే వీటిని వేశారు. ఇటుక గోడ పగలంతా ఎండను పీల్చి రాత్రి వెచ్చదనం ఇస్తుంది కాబట్టి గోడకు ఆనించి పళ్ళచెట్లు పెంచుతారు. గాజు గుమ్మటం ఉన్న ఒక ఆరెంజరీ ఉంది, చలికి తట్టుకోలేని నారింజ జాతి మొక్కలను కాపాడే గది. పూలతోటలో ఒక మూల ఆరిక్యులా థియేటర్ ఉంది. ఆరిక్యులా అనేది ప్రిమ్‌రోజ్ కుటుంబపు చిన్న పూలమొక్క. దాని ఆకుల మీద, పూల మీద పిండిలాంటి తెల్లని పొడి ఉంటుంది, వాన చుక్క పడితే మచ్చలు పడతాయి. అందుకే కప్పు కింద మెట్లుమెట్లుగా బల్లలు కట్టి కుండీలు పేరుస్తారు. ఏప్రిల్, మే నెలల్లో అవి పూస్తాయి, ఆ తర్వాత వేరే కుండీ పూలు ఆ మెట్లెక్కుతాయి. మన ఇళ్ళలో బొమ్మల కొలువు చూసినవాళ్ళకి ఆ అమరిక వెంటనే తెలిసిపోతుంది. ఇలాంటివి పాతవి ఇంగ్లండ్‌లో దాదాపు మిగల్లేదు.

ఆ థియేటర్‌ను ఖాళీ బల్లలుగా, రంగు పోయిన చెక్కగా నిలిపితే ఇంటి నియమానికి సరిపోయేది. కానీ అది దేనికి కట్టారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ట్రస్ట్ దాన్ని మళ్ళీ పూలతో నింపింది. గోడల తోటలో కూరగాయలు, పూలు మళ్ళీ వేస్తున్నారు. తోటలో పరిరక్షించేది మొక్కను కాదు, ఏటా జరిగే పనిని. నారు పోయడం, అంటు కట్టడం, గోడకు కొమ్మలను వంచి కట్టడం తెలిసిన చేతులు ఉంటేనే ఆ తోట చారిత్రకం. ఆ చేతులు ఒక తరం పాటు లేకపోతే పటాలు, పాత జాబితాలు ఎన్ని ఉన్నా తోట మాత్రం పోయినట్టే.

అదే తోటలో తోటమాలుల గదిని మాత్రం ఇంటి నియమంతో చూశారు. విత్తనాల సొరుగులున్న బీరువా, పనిముట్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఇది వైరుధ్యం కాదు. ఎండిన కొయ్య ఆగుతుంది, బతికిన మొక్క ఆగదు. నియమం వస్తువు స్వభావం నుంచి రావాలి, ఎస్టేట్ గేటు మీది బోర్డు నుంచి కాదు.

తోటమాలులు రాకపోకలు సాగించే ఒక సొరంగం ఉంది. యజమానులు షికారు చేస్తుంటే పనివాళ్ళు కళ్ళబడకూడదని అలాంటివి కట్టేవాళ్ళు. ఇంటి నుంచి బీరు కాచే ఇంటికి వెళ్ళే సొరంగం మరొకటి ఉంది. వీటిని మూసి తాళం వేయకుండా నడవనిస్తున్నారు. నాకు ఇది ఈ కేసులో చాలా ముఖ్యమైన విషయం. పెద్ద ఇంటి పరిరక్షణ అంటే పెద్దల గదుల పరిరక్షణగా కుంచించుకుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పూలతోట అందం ఎవరి చెమటతో నిలిచిందో, ఆ చెమటను ఎలా దాచారో ఆ ఇరుకు దారిలో నడిస్తే ఒంటికి తెలుస్తుంది.

పార్కు

ఇంటి చుట్టూ సుమారు 600 ఎకరాల పార్కు. జింకలు, చెరువులు, ముసలి ఓక్ చెట్లు. కొన్ని ఓక్‌ల వయసు వెయ్యేళ్ళ పైమాటే. ఒకదానికి కాక్ ముసలాయన అని పేరు. ఇందులో కొంత భాగం జాతీయ ప్రకృతి రిజర్వు. కారణం బతికున్న చెట్లకన్నా చచ్చిన కొయ్య. పుచ్చిన మాను, బోలు కాండం, నేల మీద పడి కుళ్ళుతున్న కొమ్మ, వీటినే నమ్ముకుని బతికే అరుదైన పురుగులు ఇక్కడున్నాయి. అందుకని పడిపోయిన మానును లాగేయకుండా పడినచోటే కుళ్ళనిస్తారు.

పాత ఓక్ దూలాలను తొలిచే డెత్‌వాచ్ పురుగు పుట్టిల్లు కూడా ఇలాంటి పుచ్చిన ఓక్ మానే. అది దూలంలో కనిపిస్తే మాకు టెన్షన్, పార్కులో కనిపిస్తే సంతోషం. పురుగు ఒకటే, కొయ్య ఒకటే. తేమ పోగొట్టి దూలాన్ని కాపాడే వాళ్ళు, తేమలోనే మానును వదిలేసే వాళ్ళు ఒకే సంస్థ జీతగాళ్ళు. ఈ ఎస్టేట్‌ను ఒక్క మాటలో చెప్పమంటే నేను ఆ పురుగునే చూపిస్తాను.

పక్క కేసు, మన కేసులు

కాక్ తలుపులు తెరిచిన 1989లోనే ఆగస్టు 30న, పశ్చిమ ససెక్స్‌లోని అప్‌పార్క్ అనే ట్రస్ట్ ఇల్లు తగలబడింది. కప్పు మీద సీసపు పని చేస్తుండగా బ్లోటార్చ్ (మంటను చిమ్మే పనిముట్టు) నుంచి నిప్పు అంటుకుంది. సామాను చాలావరకు బయటికి మోసి కాపాడారు. అక్కడ ట్రస్ట్ నిర్ణయం వేరు: నిప్పు పడటానికి ముందు రోజు ఎలా ఉందో అలా తిరిగి కట్టారు. 1995లో తెరిచారు. మరో సందర్భంలో, 2015లో కాలిన క్లాండన్ పార్క్ విషయంలో, మొదట గదులు తిరిగి కడతామని చెప్పి 2022లో మనసు మార్చుకుని చాలాభాగం కాలిన గోడలుగానే ఉంచుతామన్నారు. ఒకే సంస్థ, మూడు ఇళ్ళు, మూడు జవాబులు. దీన్ని నిలకడలేనితనం అనను. ప్రతి ఇంటికీ తన కారణం తనకుంది. కాక్‌లో విలువ పోగుపడిన కాలంలో ఉంది. అప్‌పార్క్‌లో విలువ చేతిపనితనంలో ఉంది, పనిముట్లు పట్టే చేతులు ఇంకా దొరుకుతున్నాయి.

హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ ఇంగ్లండ్ పల్లెల్లోని పల్లాడియన్ (పాత రోమన్ గుడుల తరహా స్తంభాల) ఇళ్ళ వరసలోనే 19వ శతాబ్దం మొదట్లో కట్టింది. దాన్ని బాగుచేసి ఈమధ్యే జనానికి చూపుతున్నారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి మళ్ళీ సున్నం పెట్టారు. అక్కడ అది సరైన పని, ఎందుకంటే సిమెంటు చెమ్మను లోపలే బిగించి రాతిని తింటుంది. చరిత్రలో భాగమైనా హాని చేసే పొరను తీయాలి. హాని చేయని పొరను ఉంచాలి. కాక్‌లో వెలిసిన రంగు ఎవరికీ హాని చేయదు.

తెలంగాణ గడీలలోకి పిలుపు వచ్చినప్పుడు యజమానులు మొదట అడిగేది రంగుల క్యాటలాగు. నేను మొదట నిచ్చెన అడుగుతాను. మిద్దె మీది తూములు, పిట్టగోడ మొదట్లో పగుళ్ళు చూశాకే కిందికి దిగి గదుల ఫొటోలు తీస్తాను, అదీ ఒక్క కుర్చీ కూడా జరపకముందు. తర్వాత రిపోర్టులో ఇల్లు, పెరడు, చుట్టూ ఉన్న పాత చెట్లు, బావి వీటికి విడివిడి అధ్యాయాలు రాస్తాను, ఒక్కోదానికి ఏం ఆపాలో, ఏం సాగనివ్వాలో, ఏం వదిలేయాలో వేరుగా చెబుతాను. క్లయింట్లు ఎక్కువగా అభ్యంతరపెట్టేది మూడోదానికే. పెరట్లో పుచ్చిన చింతమానును ఎందుకు ఉంచాలని అడుగుతారు. అది ఇంటి మీద పడే దూరంలో ఉంటే బరువైన కొమ్మలు తగ్గించమంటాను. పడే దూరంలో లేకపోతే అందులోని గుడ్లగూబల జోలికి పోవద్దంటాను.